మూడు ప్రశ్నల తాళం

మందుల కంపెనీ గేటు దగ్గరే జల్లెడకు మొదటి కోపం వచ్చింది. రెండోది లిఫ్టు దిగగానే వచ్చింది, ఎందుకంటే ఎదురుగా సోఫాలో ఇన్‌స్పెక్టర్ కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను ముందు ఫొటో తీశాడు. తర్వాత ఫోన్ నంబరు అడిగాడు, ఇంటి అడ్రసు అడిగాడు, చివరికి చేతిలో ఉన్న తెర ముందుకు చాపి "సమ్మతి" అని ఉన్నచోట వేలు నొక్కమన్నాడు. ఇంటి అడ్రసు దేనికంటే అందరినీ అడుగుతామన్నాడు. ఫొటో ఎన్నాళ్లు దాస్తారంటే బుర్ర గోక్కున్నాడు. ఆమె తన గుర్తింపు కార్డు అతని ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టి, వేలు నొక్కకుండానే లోపలికి నడిచింది.

కార్డు మీద తప్ప ఆమె అసలు పేరు ఇంకెక్కడా వాడుకలో లేదు. పోలీసు శాఖలో ఉన్నన్నాళ్లూ జల్లెడే, వ్యక్తిగత సమాచార రక్షణ బోర్డులో విచారణాధికారిగా చేరాకా జల్లెడే. ఏ కేసయినా ఆవిడ చేతిలో పడితే రాయీ రప్పా వేరైపోతాయని మెచ్చుకుంటూ కొందరు, మనిషి ఒంటినిండా చిల్లులు పెట్టి వదులుతుందని తిట్టుకుంటూ కొందరు ఆ పేరు వాడేవారు. రెండో రకంవాళ్లే ఎక్కువ. ఆ సంగతి ఆమెకు తెలుసు, బాధ కూడా లేదు.

"మీరూ వచ్చారా మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్, లేవకుండానే. "కేసు అయిపోయిందిగా."

"ఎవరికి అయిపోయింది?"

"నాకు. మందులు తెచ్చే కుర్రాడు లాకప్‌లో ఉన్నాడు. ఈ కంపెనీవాళ్ల స్టేట్‌మెంటు ఒకటి తీసుకుంటే చాలు, ఫైలు కోర్టుకు పోతుంది. మీరు శ్రమ పడక్కర్లేదు."

ఇదే మనిషి ఒకప్పుడు ఆమె కింద సబ్ ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. ఆమె గదిలోకి వచ్చినప్పుడల్లా కుర్చీ వెనక్కి పడేంత వేగంగా లేచి నిలబడేవాడు. ఆమె యూనిఫాం వదిలేసిన రోజు నుంచి అతని మోకాళ్లకు ఏదో జబ్బు వచ్చినట్టుంది.

జల్లెడ అతని పక్కన కూర్చోలేదు. భుజానికున్న సంచీ సర్దుకుని కిటికీ దగ్గర నిలబడింది. సంచీలో ఆఫీసు కాగితాలతో పాటు ఒక ఇన్‌హేలర్ ఉంది. ఈ పని అవ్వగానే దాన్ని ఒక ఇంట్లో ఇచ్చి రావాలి. ఆ ఇంట్లో ఎనిమిదేళ్ల పాప ఆయాసంతో రాత్రి సరిగా నిద్రపోలేదు. "మధ్యాహ్నం లోపు మందు వస్తుంది, నువ్వు మాత్రం గడప దాటొద్దు," అని పాప తల్లికి పొద్దున ఫోన్లో చెప్పింది.

ఆ తల్లే ఈ కేసు. రెండేళ్ల క్రితం మొగుడి దెబ్బలు తట్టుకోలేక పాపను చంకనేసుకుని ఇల్లు వదిలింది. ఒక మేడ ఇంట్లో, కింద వెనకవైపు వాటాలో, పుట్టింటివాళ్లకు కూడా చెప్పకుండా తలదాచుకుంది. పోయిన మంగళవారం సాయంత్రం ముసుగేసుకున్న మనిషొకడు ఇనప కడ్డీతో ఆ మేడ మెట్లెక్కాడు. పైన ఉన్న ఇంటి యజమానురాలిని "ఆ తల్లీకూతుళ్లు ఏరీ" అని అడిగాడు. ముసలావిడ చెప్పలేదు. కింద వాటాలో ఆ గొంతు విన్న తల్లి అది తన మొగుడి గొంతేనని గుర్తుపట్టి, పాపను తీసుకుని పెరటి దారిన పరుగెత్తింది. ముసలావిడ తల పగిలి ఇంకా ఆసుపత్రిలో స్పృహ లేకుండానే ఉంది. తన అడ్రసు తెలిసింది ఒక్క ఈ మందుల కంపెనీకేనని తల్లి బోర్డుకు ఫిర్యాదు చేసింది.

మొగుణ్ని ఇన్‌స్పెక్టర్ ఆ రాత్రే పట్టుకున్నాడు, మర్నాడే వదిలేశాడు. మంగళవారం సాయంత్రమంతా తమ్ముడు తన ఇంట్లోనే ఉన్నాడని వాడి అక్క వచ్చి వాంగ్మూలం ఇచ్చింది. అంతటితో ఇన్‌స్పెక్టర్ చూపు, ఈ కంపెనీ నుంచి పాపకు నెలనెలా మందులు తెచ్చే కుర్రాడి మీదికి మళ్లింది.

"ఆ కుర్రాడెందుకు చేస్తాడు?" అంది జల్లెడ.

"ఇంట్లో ఇద్దరాడవాళ్లు, ఒక పసిపిల్ల. మగదిక్కు లేదు. నెలనెలా వెళ్తాడు, అంతా చూశాడు. దొంగతనానికి వెళ్లాడు, ముసలావిడ అరిచింది, కొట్టాడు. వాడి మీద పాత కేసొకటి ఉంది కూడా."

"ముసలావిడ చేతి గాజులు చేతికే ఉన్నాయి. బీరువా ముట్టుకోలేదు."

"కంగారుపడి ఉంటాడు."

"ఆమె మొగుడి గొంతు విన్నానంది."

"మొగుడి మీద కసి ఉన్నవాళ్లకి ప్రతి గొంతూ మొగుడిదే అనిపిస్తుంది మేడమ్. కోర్టులో నిలబడదు. వాళ్లక్క మాట నిలబడుతుంది. ఎంత నెమ్మదస్తురాలో మీరు చూడలేదు."

జల్లెడ పళ్లు కొరుక్కుంది. ఈలోపు లోపలి తలుపు తెరుచుకుని, మెడలో కార్డు, చేతిలో నీళ్ల సీసాతో ఒకాయన వచ్చాడు. కంపెనీలో సమాచార రక్షణ బాధ్యత ఆయనది. అక్కడివాళ్లంతా ఆయన్ని సమ్మతి సారు అంటారు. పక్క సీటులో ఉన్నవాడి పెన్ను తీసుకోవాలన్నా సమ్మతి ఇస్తున్నావా అని అడిగే రకమని ఆ పేరు పెట్టారు.

"మీ ఆర్డరు అందింది మేడమ్," అన్నాడు ఆయన, నడుం సగం వంచి నమస్కారం పెట్టి. "సమాచారం బయటికి పోయి ఉంటే బాధితురాలికి పొద్దున పదింటిలోపు తెలియజేయాలని, లేకపోతే జరిమానా అని రాశారు కదా. తొమ్మిదిన్నరకే పంపేశాం. చట్టం అడిగిన అంశాలన్నీ పెట్టాం."

"మంచి పని చేశారు," అంది జల్లెడ. ఆ రోజు ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మంచి మాట అది. వారం రోజులుగా ఆ కంపెనీ ఒక్క ముక్క రాసివ్వకుండా నీళ్లు నములుతోంది. నిన్న సాయంత్రం కోపం నషాళానికంటి ఆ ఆర్డరు మీద సంతకం పెట్టింది. దెబ్బకు దారికొచ్చారని లోలోపల సంతోషించింది కూడా.

"కానీ మా దగ్గర లోపం లేదు మేడమ్. సర్వర్లకి మూడంచెల భద్రత ఉంది. ఆరు నెలలకోసారి బయటివాళ్లతో తనిఖీ చేయిస్తాం. ఒక్క చుక్క కారదు."

"చూశారా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అందుకే కుర్రాడంటున్నాను."

జల్లెడ సమ్మతి సారు వైపే చూస్తూ అడిగింది. "మంగళవారం నాటికి మీ రికార్డులో ఆమె అడ్రసు ఎలా ఉందో చదవండి."

ఆయన చేతిలోని తెర మీద వెతికాడు. ఇంటి నంబరు, వీధి చదివి, "మేడ మీద వాటా" అన్నాడు.

"ఆమె ఉండేది మేడ మీద కాదు. కింద, వెనకవైపు. భయంతో కావాలనే అలా రాయించింది. ఎవరైనా వెతుక్కుంటూ వస్తే ముందు పైకి వెళ్తారని, పెరటి దారిన పారిపోయే వ్యవధి దొరుకుతుందని. మందుల కుర్రాడికి మాత్రం మొదటి రోజే ఫోన్లో వెనక తలుపు దగ్గరికి రమ్మని చెప్పింది. రెండేళ్లుగా వాడు వెనక తలుపే కొడుతున్నాడు. ఒక్కసారీ మెట్లెక్కలేదు." ఇప్పుడామె ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "వచ్చినవాడు నేరుగా మేడ ఎక్కాడు. అంటే వాడికి ఇల్లు తెలియదు, రికార్డులో ఉన్న అడ్రసు తెలుసు. ఇల్లు తెలిసినవాణ్ని నువ్వు లాకప్‌లో పెట్టావు."

ఇన్‌స్పెక్టర్ కాలు కిందికి దిగింది. అయినా ఓడిపోయినట్టు ఒప్పుకునే మనిషి కాదు. "ఆ కుర్రాడు వేరేవాడికి రాసిచ్చి ఉండొచ్చు," అన్నాడు.

"రాసిచ్చేవాడు వెనక తలుపని రాస్తాడు. మేడ మీదని రాయడు."

ఇన్‌స్పెక్టర్ గోడ మీది గడియారం చూసి, తనకు వేరే పనులున్నట్టు నిట్టూర్చాడు.

"ఆ రికార్డును మంగళవారానికి ముందు ఎవరెవరు తెరిచారు?" అంది జల్లెడ.

సమ్మతి సారు తెర మీద వేలు కిందికి జరిపాడు. ఆయన మొహంలో ధీమా అలాగే ఉంది. "సోమవారం సాయంత్రం ఒక్కసారే. హెల్ప్ డెస్క్. అది తప్పేం కాదు మేడమ్. కస్టమరే ఫోన్ చేసి, నా గురించి మీ దగ్గర ఏమేం ఉన్నాయో చెప్పండని అడిగారు. అది వాళ్ల హక్కు. చట్టం నెల గడువిస్తే మేం ఆ ఫోన్లోనే చెప్పేస్తాం. దానికి మాకు అవార్డు కూడా వచ్చింది."

"ఆమె సోమవారం మీకు ఫోన్ చెయ్యలేదు."

"చేశారు మేడమ్. రికార్డులో ఉంది."

"చెయ్యలేదని నా దగ్గర సంతకం పెట్టింది. పదండి, ఆ గది చూడాలి."

హెల్ప్ డెస్క్ గది పొడుగ్గా, చల్లగా ఉంది. రెండు వరుసల్లో చిన్న చిన్న గూళ్లు, ఒక్కో గూట్లో ఒక్కో మనిషి, చెవులకు హెడ్‌సెట్లు. గోడ మీద పెద్ద తెర ఉంది. ఎవరెవరు ఎంత త్వరగా జవాబు ముగిస్తున్నారో దాని మీద అంకెలు మారుతున్నాయి. ఆలస్యమైనవాళ్ల పేరు ఎర్రబడుతోంది. దాని పక్కనే చట్టం ఇచ్చిన హక్కులు అందమైన అక్షరాల్లో అచ్చేసి చట్రం కట్టారు: తెలుసుకునే హక్కు, సరిదిద్దించుకునే హక్కు, తొలగించుకునే హక్కు. ఆ చట్రానికి ఎవరో రోజూ దుమ్ము తుడుస్తున్నట్టున్నారు.

సోమవారం ఆ ఫోన్ ఎత్తింది మూడో గూట్లోని అమ్మాయి. ఆమెను లేపి నిలబెట్టేసరికి బిక్కచచ్చిపోయింది.

"కూర్చో అమ్మాయ్," అంది జల్లెడ. "నిన్ను తిట్టడానికి రాలేదు. తిట్టాల్సినవాళ్లు వేరే ఉన్నారు. ఫోన్ చేసినావిడ ఆవిడేనని నీకెలా తెలిసింది?"

"మూడు ప్రశ్నలడగాలి మేడమ్." కంప్యూటరు కింద అంటించిన చీటీ చూపించింది. "పుట్టినతేదీ, మొదట మందులు రాసిన డాక్టరు పేరు, ఇప్పుడు వాడుతున్న మందు."

"అన్నీ సరిగ్గా చెప్పిందా?"

అమ్మాయి సమ్మతి సారు వైపు చూసింది.

"ఆయన్ని చూడకు. నన్ను చూసి చెప్పు."

"రెండు టకటకా చెప్పారు. మూడోదే... పాపకి ముందు వాడిన ఇన్‌హేలర్ పేరు చెప్పారు. ఏడాది క్రితం డాక్టరు అది మార్చేశారు. మూడింట్లో రెండు సరిపోతే చాలన్నారు మేడమ్ మాకు. ఎక్కువసేపు పట్టుకుంటే పేరు ఎర్రబడుతుంది."

"విన్నారా సారూ," అంది జల్లెడ. "కన్నతల్లికి కూతురు రోజూ పీల్చే మందు పేరు తెలియలేదట. పాత ఇంటికి మీరు పంపిన మందు మాత్రం గుర్తుందట. ఏడాది క్రితం సంగతి తెలియనిది ఎవరికి? రెండేళ్ల క్రితం వరకూ ఒకే ఇంట్లో మసిలినవాళ్లకి. పుట్టినతేదీ, డాక్టరు పేరు, ఇవి మొగుడికి తెలుసు, అత్తకి తెలుసు, ఆడపడుచుకి తెలుసు. ఆమె ఎవరికి భయపడి పారిపోయిందో వాళ్లందరికీ తెలిసిన ప్రశ్నలు ఏరి ఏరి పెట్టారు మీరు."

"ఆ ప్రశ్నలు కన్సల్టెంట్లు తయారుచేశారు మేడమ్," అన్నాడు సమ్మతి సారు.

"రికార్డులో ఆమె నంబరు ఉంది కదా. ఆ నంబరుకి తిరిగి ఒక్క ఫోన్ చేసుంటే, అమ్మా, నువ్వేనా అడిగింది అని ఒక్క ముక్క అడిగి ఉంటే, ఇవాళ ముసలావిడ తన ఇంట్లో తను ఉండేది. ఆమాత్రం రెండు నిమిషాలు మీకు లేకపోయాయి. ఆ కాల్ రికార్డింగు వినిపించండి."

సమ్మతి సారు నిటారుగా నిలబడ్డాడు. ఇంతసేపటికి ఆయనకు తన సొంత గడ్డ దొరికింది. "అది కుదరదు మేడమ్. మనిషి గొంతు వ్యక్తిగత సమాచారం. ఫోన్ చేసినావిడ సమ్మతి లేకుండా మూడోవాళ్లకి వినిపించకూడదు."

"ఎవరావిడ?"

"కస్టమర్."

"కస్టమర్ ఆ ఫోన్ నాది కాదంటోంది."

"అలాగైతే... అసలు ఫోన్ చేసినావిడ ఎవరో, ఆవిడ సమ్మతి ఇవ్వాలి."

ఇన్‌స్పెక్టర్ ఫక్కున నవ్వాడు. "మీ చట్టం మీకే అడ్డమొచ్చిందే మేడమ్. ఆ దొంగే వచ్చి సమ్మతి పత్రం రాసిచ్చేదాకా ఇక్కడే కూర్చుందామా?"

జల్లెడకు ఒళ్లు మండింది. ఆ నవ్వుకు ఎక్కువ మండిందా, ఈ మొండితనానికి ఎక్కువ మండిందా అంటే ఆమే చెప్పలేకపోయేది. కానీ గొంతు పెంచలేదు. ఆమె గొంతు తగ్గించినప్పుడే భయపడాలని పాతవాళ్లకు తెలుసు, అందుకే ఇన్‌స్పెక్టర్ నవ్వు సగంలో ఆగింది.

"అడ్రసు చెప్పేటప్పుడు లేని పట్టింపు గొంతు వినిపించేటప్పుడు వచ్చిందా సారూ? నేరం విచారించే అధికారి అడిగితే సమ్మతి అక్కర్లేదని అదే చట్టంలో ఉంది. మీరు చట్రం కట్టించుకున్న కాగితంలో ఆ పేజీ వెయ్యలేదు, అంతే. రికార్డింగు ఇస్తారా, గది సీలు వేసి మెషీన్లు మోయించుకుపోనా? ఇదిగో, ఇందాక నవ్విన మనిషే మోస్తాడు."

సమ్మతి సారు అమ్మాయికి తలూపాడు. ఆమె హెడ్‌సెట్ తీగ పీకేసి స్పీకరు పెట్టింది.

ముందు అమ్మాయి గొంతు, పలకరింపు. తర్వాత ఒక ఆడగొంతు. నెమ్మదైన గొంతు, ఎక్కడా తొణకలేదు. "పాపకి ఆయాసం కదమ్మా, మీరు పంపే మందు మీదే బతుకుతోంది. నా వివరాలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో ఒక్కసారి చూసి చెబుతావా తల్లీ?" ప్రశ్నలు, జవాబులు. అమ్మాయి అడ్రసు మొత్తం చదివింది. ఇంటి నంబరు, వీధి, మేడ మీద వాటా. "సరిగ్గానే ఉందమ్మా, సంతోషం," అంది ఆ గొంతు.

"ఆపు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మళ్లీ పెట్టు."

మళ్లీ పెట్టింది. ఈసారి ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వచ్చి స్పీకరు మీదికి వంగి విన్నాడు. పక్కనుంచి జల్లెడకు అతని దవడ బిగుసుకోవడం కనిపించింది.

"ఎవరు?" అంది.

అతను చెప్పేటప్పుడు ఆమె కళ్లలోకి చూడలేదు. "వాళ్లక్క. నాకు వాంగ్మూలమిచ్చినావిడ. నా ఎదురుగా కూర్చుని ఇలాగే మాట్లాడింది. నన్ను బాబూ అని కూడా పిలిచింది."

"నువ్వు టీ తెప్పించి ఉంటావు."

అతను మెడ రుద్దుకున్నాడు. తెప్పించే ఉంటాడు.

"సోమవారం అక్క అడ్రసు సంపాదించింది. మంగళవారం తమ్ముడు కడ్డీ పట్టుకెళ్లాడు. బుధవారం అదే అక్క వచ్చి, వాడు నా ఇంట్లోనే ఉన్నాడని చెప్పి విడిపించుకుపోయింది. నువ్వు దగ్గరుండి వాకిలిదాకా సాగనంపావు. ఇప్పుడు వాడెక్కడున్నాడు?"

"కనుక్కుంటాను." ఫోన్ తీశాడు ఇన్‌స్పెక్టర్. స్టేషన్లో ఎవరినో అడిగాడు, విన్నాడు, పెట్టేశాడు. "వాంగ్మూలం మీద సంతకానికి ఇప్పుడే వెళ్లొచ్చిన కానిస్టేబులు చెప్పాడు. అక్క ఇంటికి తాళమేసి ఉందట. అక్కా లేదు, తమ్ముడూ లేడు."

"పారిపోయారా?"

"తాళం పెట్టి గంటయిందని పక్కింటివాళ్లన్నారట. అప్పటిదాకా ఇంట్లోనే ఉన్నారు."

స్పీకరులో రికార్డింగు ఆగలేదు. వీళ్ల గొడవలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ నెమ్మది గొంతు మళ్లీ వినిపించింది. "ఇంకొక్క సాయం తల్లీ. నా పాత ఫోన్ పోయింది. ఇకనుంచి ఏ కబురైనా ఈ నంబరుకే పంపండి, రాసుకుంటావా?"

"రాసుకున్నావా?" అంది జల్లెడ.

"సరిదిద్దించుకునే హక్కు మేడమ్," అంది అమ్మాయి, ఏడుపు ఆపుకుంటూ. "అడిగితే మార్చాలి."

 గోడ మీది తెరలో ఎవరి పేరో ఎర్రబడింది. జల్లెడ సమ్మతి సారు వైపు తిరిగినప్పుడు ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"పొద్దున తొమ్మిదిన్నరకు పంపామన్న సందేశం... ఏ నంబరుకి పంపారు?"

సమ్మతి సారు తెర చూశాడు. "రికార్డులో ఉన్న నంబరుకే మేడమ్."

"ఈ నంబరుకే."

"అవును మేడమ్."

"అందులో ఏం రాశారు? చదవండి."

ఆయన తెర మీద వెతికాడు. కంగారులో రెండుసార్లు వేరేవేవో తెరుచుకున్నాయి. "మీ వ్యక్తిగత వివరాలు మీ అనుమతి లేకుండా ఇతరులకు తెలిసి ఉండవచ్చని విచారంతో తెలియజేస్తున్నాం. ప్రస్తుతం మా వద్ద ఉన్న మీ వివరాలు ఇవి..." ఆ తర్వాత పేరు చదివాడు, పాప పేరు చదివాడు, అడ్రసు చదివాడు. దర్జీ దుకాణం ఉన్న వీధి, దుకాణం పైన గది.

దాడి తర్వాత ఆ గదిని వెతికి పెట్టింది జల్లెడ. తల్లినీ కూతుర్నీ తన కారులో తీసుకెళ్లి దింపింది జల్లెడ. ఆ దర్జీ ఆమెకు ఎప్పటినుంచో తెలిసినవాడు, ఆ చోటు తనకు తప్ప ఎవరికీ తెలియదనుకుంది.

"ఈ కొత్త అడ్రసు మీ రికార్డులోకి ఎలా వచ్చింది?" అంది. జవాబు ఆమెకు అప్పటికే సగం తెలుసు, అయినా అడిగింది.

"మీ ఆఫీసు నుంచే మేడమ్. ఫిర్యాదు కాపీ మాకు పంపారు కదా, నిన్న ఆర్డరుతో పాటు. అందులో ఫిర్యాదుదారు ప్రస్తుత చిరునామా అని ఉంది. రికార్డు ఎప్పటికప్పుడు సరిగ్గా ఉంచాలి కదా చట్టప్రకారం. వెంటనే మార్చాం." ఆయన ఇంకా మెప్పు కోసం చూస్తున్నవాడిలా అన్నాడు.

బోర్డు పద్ధతి అదే. ఫిర్యాదు వస్తే దాని కాపీ ఎదుటి పక్షానికి పంపాలి. ఎప్పుడూ ఉన్నదున్నట్టు మొత్తం పంపుతారు. అందులో అడ్రసు చెరిపెయ్యాలని ఎవరికీ తోచలేదు. నిన్న సాయంత్రం కోపంతో ఊగిపోతూ, కంపెనీ మెడలు వంచాలన్న తొందరలో, ఆ కట్ట మొత్తం మీద సంతకం పెట్టింది తనే. కంపెనీ గేటువాడు తన ఇంటి అడ్రసు అడిగితే కస్సుమన్న మనిషి, ప్రాణభయంతో దాక్కున్న ఆడదాని అడ్రసు తన చేతులతో కవర్లో పెట్టి పంపింది.

"మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్ మెల్లగా. "వీళ్లు కనీసం మూడు ప్రశ్నలడిగారు. మీరు ఒక్కటీ అడగలేదు."

ఆ మాట నాటాల్సిన చోటే నాటింది.  అతను ఆ మాట అని ఊరుకోలేదు, అప్పటికే తలుపు వైపు పరుగెడుతూ జీపు తియ్యమని ఫోన్లో అరుస్తున్నాడు. ఇద్దరిలో ఎవరి తప్పు పెద్దదో తేల్చుకునే వ్యవధి ఇద్దరికీ లేదు.

తొమ్మిదిన్నరకు సందేశం వెళ్లింది. గంట క్రితం ఇంటికి తాళం పడింది. అక్కణ్నుంచి దర్జీ దుకాణానికి గంట కన్నా ఎక్కువ పట్టదు.

జల్లెడ అతని వెనకే మెట్లు దిగుతూ ఫోన్ చేసింది. దాడి జరిగాక ఆ తల్లికి తనే కొనిచ్చిన ఫోన్ అది, ఆ నంబరు ఇంకెవరి దగ్గరా లేదు. మోగుతోంది. మోగుతూనే ఉంది. రెండో అంతస్తు దగ్గర ఎవరో ఎత్తారు. ముందు ఆయాసం వినిపించింది, తర్వాత పాప గొంతు.

"పోలీసాంటీ..."

"అమ్మకివ్వు బంగారం. త్వరగా."

"అమ్మ కిందికెళ్లింది. మందులొచ్చాయి."

జల్లెడ మెట్ల మీదే ఆగిపోయింది. భుజానికున్న సంచీ మీద చెయ్యి పడింది. ఇన్‌హేలర్ అక్కడే ఉంది, ఆమె కొన్న కవర్లోనే, సీలు కూడా విప్పకుండా.

"ఎవరు తెచ్చారు?"

"నువ్వు పంపావనుకుంది అమ్మ. బెల్లు కొట్టి, మందులండీ అన్నారు కిందనుంచి. నేను కిటికీలోంచి చూశా ఆంటీ." పాప ఊపిరి కోసం ఆగింది. "అత్త. నన్ను చూసి చెయ్యూపింది. చేతిలో మందుల కవరు ఉంది."

"అత్త ఒక్కతే వచ్చిందా?"

"దుకాణం తలుపు పక్కన ఇంకెవరో నించున్నారు. మొహం కనపడలేదు."

కింద జీపు హారన్ ఆగకుండా మోగుతోంది. జల్లెడ మామూలు గొంతుతో చెప్పింది. "బంగారం, నేను చెప్పింది విను. ఇప్పుడే వెళ్లి గది తలుపు మూసి గడియ పెట్టు. ఎవరు పిలిచినా తియ్యొద్దు."

అవతల చిన్న అడుగుల చప్పుడు తలుపు దాకా వెళ్లి ఆగింది. గడియ పడిన శబ్దం రాలేదు.

"అమ్మ బయట ఉంది కదా ఆంటీ," అంది పాప.